నాలుగు చుక్కల గడియారం
గల్ఫ్ మీది ఆకాశం: చరిత్ర ధారావాహిక – 6

గత భాగాన్ని జుల్ఫార్ రేవులో ఆపాం. నేటి రస్ అల్ ఖైమా పక్కనే ఉండిన ఆ పాత ఓడరేవు అరబ్బు నావికుడు ఇబ్న్ మాజిద్ పుట్టిన చోటు. 1490 ప్రాంతంలో ముగించిన నౌకాశాస్త్ర గ్రంథంలో ఆయన నక్షత్రాల ఎత్తును వేళ్ల లెక్కన చెప్పాడు. ముడులు వేసిన తాడు కట్టిన చిన్న చెక్కపలకను కంటికి ఎదురుగా పట్టుకుంటే చాలు, ధ్రువ నక్షత్రం సముద్రపు అంచు నుంచి ఎన్ని వేళ్ల ఎత్తున ఉందో తెలిసిపోయేది. ఆ ఎత్తును బట్టి ఓడ ఉత్తరానికి ఎంత ఎక్కిందీ, దక్షిణానికి ఎంత దిగిందీ సరంగు చెప్పగలిగేవాడు. మలబారు రేవుకు వెళ్లాలంటే ఆ రేవుకు తగిన ఎత్తు దొరికేదాకా నడిపి, ఇక అది చెడకుండా తూర్పుముఖంగా సాగిపోయేవాడు.

తూర్పుకు ఎంత దూరం వచ్చాడో చెప్పడానికి మాత్రం ఏ నక్షత్రమూ సాక్ష్యం పలికేది కాదు. అక్కడ గాలి అంచనా, గడచిన రోజుల లెక్క, నీటి రంగు, పక్షుల రాక, పాత అనుభవం, ఇవే దిక్కు.

ఎందుకంటే దుబాయి మీదుగా నడిచే నక్షత్రాలే విశాఖపట్నం మీదుగానూ నడుస్తాయి, ముందూ వెనకా తేడాతో. తూర్పు పడమరల దూరమంతా ఆ కాలభేదంలోనే ఉంది. ఇంటికి ఫోన్ చేసే ముందు గంటన్నర కలుపుకునే ఎమిరేట్స్ తెలుగువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే ఆ గంటన్నర ప్రభుత్వాలు ఖరారు చేసిన అంకె. సూర్యుణ్ణే అడిగితే దుబాయికీ విశాఖకూ తేడా దాదాపు గంటా 52 నిమిషాలు. రెంటి నడుమ 28 డిగ్రీల రేఖాంశం ఉంది, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్క సరిపోతుంది.

ఫోను, తంతి, నమ్మకమైన గడియారం ఏవీ లేని కాలంలో ఈ లెక్క ఎలా కట్టాలి? రెండు ఊళ్లవాళ్లూ తమ తమ ఊళ్లనుంచే చూడగలిగిన గడియారం ఒకటి కావాలి. అది ఆకాశంలో తప్ప మరెక్కడా ఉండే వీలు లేదు. 1610లో ఇటలీలోని పాదువా నగరంలో అలాంటిది ఒకటి దొరికింది. దొరికించుకున్న మనిషి ఆ సమయానికి దానికోసం వెతకడం లేదు.

ముత్యాల వర్తకులు, గాజు కటకాలు

ఆ కథ వెనిస్‌లో మొదలవుతుంది. వెనిస్‌కు మన గల్ఫ్ తీరం తెలియనిది కాదు. గాస్పరో బాల్బి అనే వెనిస్ రత్నాల వ్యాపారి 1580లో ఇటు వచ్చి, ముత్యాలు దొరికే దీవుల పేర్లూ తీరపు ఊళ్ల పేర్లూ రాసుకున్నాడు. 1590లో వెనిస్‌లో అచ్చయిన అతని యాత్రాగ్రంథంలో దుబాయి పేరు కూడా ఉంది. సముద్రం మీద ఎవరి ఓడ వస్తోందో అందరికన్నా ముందు తెలిసినవాడిదే లాభం అనుకునే నగరమది.

1608 అక్టోబరులో హాన్స్ లిపర్‌షే అనే కళ్లద్దాల తయారీదారు, దూరపు వస్తువులను దగ్గర చేసి చూపే గొట్టానికి హక్కు ఇవ్వమని డచ్చి ప్రభుత్వానికి అర్జీ పెట్టాడు. మరుసటి ఏడు వేసవికి ఆ కబురు వెనిస్ చేరింది. వెనిస్ ప్రభుత్వపు పాదువా విశ్వవిద్యాలయంలో 1592 నుంచి గణితం చెబుతున్న గెలీలియో, విన్నదే తడవుగా కటకాలు అరగదీయడం మొదలుపెట్టాడు. 1609 ఆగస్టులో ఎనిమిది రెట్లు పెంచి చూపే గొట్టాన్ని పట్టుకుని నగర పెద్దలను సెయింట్ మార్క్ గంటాగోపురం ఎక్కించాడు. మామూలు కంటికి రెండు గంటల తర్వాతగానీ అందని ఓడలు అప్పుడే కనబడ్డాయి. పెద్దలు వెంటనే అతని ఉద్యోగాన్ని జీవితాంతానికి ఖాయం చేసి జీతం పెంచారు.

ఆ చలికాలానికి గొట్టం శక్తి ఇరవై రెట్లకు చేరింది. దాంతో చందమామ మీది కొండలను చూశాడు, పాలపుంతలోని చుక్కలను చూశాడు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ గొట్టంలోంచి ఒక చూపుకు అందే ఆకాశం చందమామ బింబంలో సగం మేరకు మించదు. గ్రహాన్ని అందులోకి తెచ్చుకోవడమే ఒక పని, వచ్చాక చేయి వణకకుండా నిలుపుకోవడం ఇంకో పని.

జనవరి 7 నుంచి 13 దాకా

1610 జనవరి 7 సాయంత్రం ఆ గొట్టం గురుడి వైపు తిరిగింది. గ్రహానికి ఇటూ అటూ మూడు చిన్న చుక్కలు కనబడ్డాయి, తూర్పున రెండు, పడమట ఒకటి. చిన్నవైనా మెరుపున్న చుక్కలు. మూడూ గ్రహంతో కలిసి ఒకే గీత మీద ఉండటం అతనికి వింతగా తోచింది. అవి నక్షత్రాలే అనుకుని బొమ్మ గీసి పెట్టుకున్నాడు. నిజానికి ఆ రాత్రి గురుడి పెద్ద చందమామలు నాలుగూ అక్కడే ఉన్నాయి. వాటిలో ఐవో, యూరోపా రెండూ మరీ దగ్గరగా ఉండి ఒకే చుక్కగా కలిసిపోయాయి.

మర్నాడు మళ్లీ చూశాడు. మూడు చుక్కలూ గురుడికి పడమటనే ఉన్నాయి.

ఇందులో వింత ఏమిటో తెలియాలంటే అప్పటి గురుడి నడక తెలియాలి. ఆ రోజుల్లో గురుడు వక్రగతిలో ఉన్నాడు. పంచాంగం చూసే అలవాటున్న ఇళ్లలో ఈ మాట కొత్త కాదు. నక్షత్రాల నడుమ గ్రహం కొంతకాలం వెనక్కు, అంటే పడమటి వైపుకు నడుస్తున్నట్టు కనబడటమే వక్రగతి. గ్రహగతుల పట్టికల ప్రకారం 8వ తేదీకి గురుడు ఇంకాస్త పడమరకు జరిగి ఉండాలి. చుక్కలు నిజంగా నక్షత్రాలే అయితే అవి గురుడికి తూర్పున మిగిలిపోవాలి. కనబడింది దానికి పూర్తిగా తలకిందులు. గెలీలియోకు మొదట చుక్కల మీద అనుమానం రాలేదు, పట్టికల మీద వచ్చింది. గురుడు వక్రం వదిలి ముందుకు నడుస్తున్నాడేమో అనుకున్నాడు.

9వ తేదీన మబ్బు పట్టింది. 10వ తేదీన చూస్తే రెండే చుక్కలు, అవీ తూర్పున. ఇప్పుడు పట్టికల మీద నేరం మోపడం కుదరదు. గ్రహం ఒకనాడు తూర్పుకు గెంతి రెండు రోజుల్లోనే పడమరకు గెంతదు కదా. అయితే కదులుతున్నవి చుక్కలే. మూడోది గురుడి వెనక దాగి ఉంటుందని ఊహించాడు. 11న మళ్లీ తూర్పున రెండు, కానీ వాటిలో దూరంగా ఉన్నది రెండోదానికంటే బాగా పెద్దగా ఉంది. ముందు రోజు రెండూ దాదాపు సమానం. ఇవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయని ఆ రాత్రి తేల్చుకున్నాడు. 13న మొదటిసారి నాలుగు చుక్కలు విడివిడిగా కనబడ్డాయి.

ఈ వారం రోజుల్లో కంటిచూపు చేసిన పని తక్కువ, కాగితం చేసిన పని ఎక్కువ. ఆ గొట్టం ఎవరి చేతిలో ఉన్నా 7వ తేదీనాటి చుక్కలు కనబడేవి. 8వ తేదీనాటి వింత కనబడాలంటే మాత్రం 7వ తేదీ బొమ్మ పక్కన ఉండాలి. గెలీలియో మార్చి 2 దాకా వీలైన ప్రతి రాత్రీ చూసి, అరవైకి పైగా బొమ్మలు గీశాడు. ఒక్కోసారి ఒకే రాత్రి కొన్ని గంటల తేడాతో రెండు బొమ్మలు. చివరి బొమ్మ గీసిన పదకొండో రోజున, మార్చి 13న, అవన్నీ పుస్తకమై వెనిస్‌లో 550 ప్రతులు అచ్చయ్యాయి. ఆ చిన్న లాటిన్ పుస్తకమే 'సిడెరియుస్ నున్సియుస్'.

పేర్లు, పేచీలు

పుస్తకం ఫ్లోరెన్స్ పాలకుడు రెండో కొసిమో దె మెదీచికి అంకితం. చుక్కలు నాలుగు, కొసిమోతో కలిపి అన్నదమ్ములూ నలుగురే. వాటికి 'మెదీచి నక్షత్రాలు' అని పేరు పెట్టాడు. ఆ జులైలో ఫ్లోరెన్స్ ఆస్థానంలో గణితజ్ఞుడు, తత్త్వవేత్త అన్న పదవి దొరికింది. జీవితాంతం జీతమిస్తామన్న వెనిస్ పెద్దలకు ఆ మర్యాద మిగల్లేదు.

నమ్మించడం అంత తేలిక కాలేదు. ఏప్రిల్‌లో బొలోన్యాలో, మాజీని అనే గణితజ్ఞుడి ఇంట్లో, గెలీలియో స్వయంగా తన గొట్టం చూపించాడు. అక్కడ చేరిన పండితులకు చుక్కలు సరిగా కనబడలేదు. మార్టిన్ హోర్కీ అనే యువకుడు ఇదంతా బూటకమని పుస్తకమే రాశాడు. ప్రాగ్‌లో ఉన్న కెప్లర్ గొట్టం చేతికి రాకముందే గెలీలియోను సమర్థించాడు. ఆగస్టు చివర ఒక ప్రభువు దగ్గర అరువు తెచ్చిన గొట్టంతో తానే చూసి సాక్ష్యం ప్రకటించాడు. ఏడాది ముగిసేలోగా రోమ్‌లోని జెసూట్ పండితులూ చూశారు, ఇంగ్లండులో థామస్ హారియట్ కూడా చూశాడు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆకాశంలో సమస్తమూ భూమి చుట్టే తిరుగుతుందని నమ్మిన కాలమది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్‌ను ఎదుటివాళ్లు నిలదీసే ప్రశ్న ఒకటుండేది. భూమి పరుగెడుతుంటే చందమామ వెనకబడిపోదా? గురుడు కదులుతున్నాడని ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి. కదులుతూనే నాలుగు చందమామలను వెంటబెట్టుకు పోతున్నాడు. భూమి తిరుగుతుందని దీంతో రుజువు కాలేదు గానీ, ఆ ప్రశ్నకు పదును పోయింది.

ఇదే చుక్కలను జర్మనీలోని అన్స్‌బాఖ్ ఆస్థాన గణితజ్ఞుడు సైమన్ మారియుస్ కూడా చూశాడు. 1609 నవంబరు నుంచే చూస్తున్నానని, డిసెంబరు 29 నుంచి రాసి పెట్టానని 1614లో వెలువరించిన 'ముందుస్ యోవియాలిస్' గ్రంథంలో చెప్పుకున్నాడు. తేదీ చూస్తే గెలీలియోకన్నా ముందనిపిస్తుంది. కానీ మారియుస్ ప్రొటెస్టెంట్ ప్రాంతంవాడు, వాడేది పాత కాలెండరు. దాని డిసెంబరు 29 అంటే గెలీలియో కాలెండరులో 1610 జనవరి 8. మూడు చుక్కలూ పడమటనే కనబడ్డ ఆ రాత్రే అన్నమాట. మారియుస్ రాసుకున్నదీ అదే, గురుడికి పడమట వరసగా మూడు చుక్కలని. గెలీలియో 1623లో అతణ్ణి దొంగగా చిత్రించి ఏకిపారేశాడు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో డచ్చి పరిశోధకులు ఇద్దరి లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూసి, మారియుస్ సొంతంగానే చూశాడని తేల్చారు. అతని పట్టికలు కొన్నిచోట్ల గెలీలియోవాటికన్నా మెరుగు కూడా. ఐవో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో అన్న నేటి పేర్లు అతని పుస్తకంలోనివే. వాటిని సూచించింది కెప్లర్ అని అతనే రాశాడు.

అచ్చులో ముందు వచ్చినవాడిదే పేరు. మారియుస్ నాలుగేళ్లు ఆగాడు, గెలీలియో పదకొండు రోజులు.

అంతటి గెలీలియోకూ ఒక చుక్క చేజారింది. 1612 డిసెంబరు 28న గురుడి చందమామలను గీస్తూ పక్కనున్న మరో చుక్కను మామూలు నక్షత్రంగా గుర్తించాడు. నెల తర్వాత అది పక్క నక్షత్రం నుంచి కాస్త జరిగినట్టుందని కూడా రాసుకున్నాడు. ఆ తర్వాత రాత్రుల్లో దాన్ని వెంటాడలేదు. అది నెప్ట్యూన్. లోకం దాన్ని గుర్తించింది 1846లో.

చుక్కలు గడియారమైన తీరు

గెలీలియో 1612కల్లా నాలుగింటి పరిభ్రమణ కాలాలు లెక్కగట్టాడు. ఐవోకు ఒక రోజూ 18న్నర గంటలు, యూరోపాకు మూడున్నర రోజులు, గానిమీడ్‌కు ఏడు రోజుల పైచిలుకు, కాలిస్టోకు పదిహేడు రోజులకు కాస్త తక్కువ. ఐవో ప్రతి చుట్టులోనూ గురుడి నీడలోకి వెళ్లి మాయమవుతుంది. 42న్నర గంటలకొక గ్రహణం! జుల్ఫార్ సరంగు కోరుకున్న గడియారం ఇదే.

ఒక లెక్క వేసి చూద్దాం. దుబాయిలో ఒకడు, విశాఖలో ఒకడు గొట్టాలు పట్టుకుని కూర్చున్నారు. ఇద్దరూ తమ ఊరి సూర్యుణ్ణి బట్టి గడియారం సరిచేసుకున్నారు. ఐవో ఆరిపోయినప్పుడు దుబాయివాడి గడియారంలో రాత్రి 9 గంటలు, విశాఖవాడి గడియారంలో 10 గంటల 52 నిమిషాలు. ఇద్దరూ రాసుకున్నారు. ఆరు నెలలకు ఓడలో ఉత్తరం వచ్చినా ఫరవాలేదు. తేడా 112 నిమిషాలు, నాలుగుతో భాగిస్తే 28 డిగ్రీలు. గ్రహణ సమయాలు ముందే లెక్కగట్టిన పట్టిక చేతిలో ఉంటే రెండోవాడి అవసరం కూడా లేదు.

గెలీలియో ఈ ఉపాయాన్ని 1612 నుంచి స్పెయిన్ రాజుకు, 1636లో డచ్చి ప్రభుత్వానికి ఇవ్వజూపాడు. డచ్చివాళ్లు బంగారు గొలుసు పంపితే తీసుకోలేదు. చిక్కంతా సముద్రంలోనే ఉంది. ఊగే ఓడ మీద ఇరుకు గొట్టంలో గురుణ్ణి నిలపడం మనిషి వల్ల కాలేదు. చూసేవాడి తలకు కట్టే శిరస్త్రాణం లాంటి పరికరాన్ని కూడా గెలీలియో తయారుచేశాడు, అదీ గట్టెక్కలేదు. ఓడల కోసం పుట్టిన ఉపాయం చివరికి నేల మీద స్థిరపడింది.

1668లో కాసీని అనే ఖగోళవేత్త మేలైన పట్టికలు వెలువరించాక ఫ్రెంచివాళ్లు వాటితో తమ దేశాన్ని మళ్లీ కొలిచారు. పడమటి తీరం అనుకున్నదానికన్నా లోపలికి వచ్చేసింది. శత్రువులకన్నా తన ఖగోళవేత్తలే ఎక్కువ నేల పోగొట్టారని పద్నాలుగో లూయీ వాపోయాడని చెప్పుకుంటారు. పారిస్‌లో పనిచేస్తున్న డెన్మార్క్ యువకుడు ఓలె రోమర్, భూమి గురుడికి దూరం జరిగే నెలల్లో ఐవో గ్రహణాలు ఆలస్యమవుతున్నాయని పట్టుకున్నాడు. 1676 నవంబరు 9నాటి గ్రహణం పది నిమిషాలు ఆలస్యంగా వస్తుందని ముందే ప్రకటించాడు, అలాగే జరిగింది. గడియారం తప్పడం లేదు, దాని కబురు మోసుకొచ్చే వెలుగుకే ప్రయాణ సమయం పడుతోంది. వెలుగుకు వేగం ఉందని మనిషికి తెలిసింది అలాగే.

మన తీరానికి

ఆ శాస్త్రం మన దేశానికి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. జైపూరు నిర్మాత సవాయి జయసింహుడు 18వ శతాబ్ది తొలి భాగంలో రాయించిన ఖగోళ గ్రంథంలోనే దుర్భిణితో చూసిన గురుడి నాలుగు చందమామల ప్రస్తావన ఉంది. తెలుగువారికి దగ్గరి కథ మాత్రం మద్రాసుది. 1786లో విలియం పెట్రీ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి ఎగ్మోరులో సొంతంగా వేధశాల పెట్టుకున్నాడు. అది కంపెనీ చేతికి వచ్చాక, 1792లో మైకేల్ టాపింగ్ నుంగంబాకంలో కొత్త భవనం కట్టించాడు. పరికరాలను నిలిపిన రాతిస్తంభం మీద ఆ సంగతిని తమిళం, తెలుగు సహా పలు భాషల్లో చెక్కించారు. కోరమాండల్ తీరాన్ని సర్వే చేసిన ఈ టాపింగ్ 1796లో మన బందరులోనే కన్నుమూశాడు.

అతని తర్వాత జాన్ గోల్డింగ్‌హామ్ ఏళ్ల తరబడి గురుడి చందమామల గ్రహణాలను నమోదు చేయించి మద్రాసు రేఖాంశం కట్టాడు. ఆ పరిశీలనలు 1808లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చాయి. 1802లో లాంబ్టన్ అనే అధికారి దేశాన్ని కొలవడానికి మద్రాసులో మొదలుపెట్టిన మహా సర్వేకు ఆ వేధశాలే రేఖాంశాల మూలబిందువు. మన ఊళ్లు తొలి సర్వే పటాల్లో ఎంత తూర్పున, ఎంత పడమట పడాలో తేల్చిన లెక్కకు వేరు ఐవో నీడలో ఉందన్నమాట. తర్వాత తంతి వచ్చాక ఆ అంకెకు చిన్న సవరణ పడింది. మద్రాసు వేధశాలలో ఖగోళవేత్త టేలర్ దగ్గర మెళకువలు నేర్చిన గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖలో సొంత వేధశాల నెలకొల్పాడు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నిలబెట్టి 1874 నాటి శుక్ర సంక్రమణాన్ని, అంటే శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని పరిశీలించాడు.

ఆ మద్రాసు వేధశాల వారసత్వంలోదే తమిళనాడులోని కావలూరు వేధశాల. 1972 జూన్ 7న గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు అక్కడ జె.సి. భట్టాచార్య, జావాలో మరో బృందం ఆ వెలుగు తగ్గిన తీరును నమోదు చేశారు. దాన్ని బట్టి గానిమీడ్‌కు వాతావరణం ఉందని ప్రకటించారు. వాయేజర్ వెళ్లి చూసేసరికి అంత దట్టమైనది లేదని తేలింది. తర్వాత హబుల్ టెలిస్కోపు అతి పలచని ఆక్సిజన్ పొరను కనిపెట్టింది.

గల్ఫ్ వైపు చూస్తే, 1820లో బ్రిటిష్‌వారితో ఇక్కడి షేక్‌లు చేసుకున్న ఒప్పందం తర్వాత ఆ దశాబ్దంలో బొంబాయి మెరైన్ అధికారులు ఈ తీరాన్నంతా సర్వే చేసి పటాలు గీశారు. రెండు శతాబ్దాలకు అదే తీరంవాళ్లు పంపిన 'అల్ అమల్' నౌక 2021 ఫిబ్రవరి 9న కుజుడి కక్ష్యలో చేరింది. 2023లో కుజుడి చిన్న చందమామ డీమోస్‌కు సుమారు వంద కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి, అంతవరకూ సరిగా చూడని దాని అవతలి ముఖాన్ని ఫొటో తీసింది.

పాఠకులకు ఒక పని

గెలీలియో గొట్టం కన్నా మెరుగైన పరికరం ఇప్పుడు చాలా ఇళ్లలోనే ఉంటుంది. పది రెట్లు చూపే మామూలు బైనాక్యులర్స్‌ను బాల్కనీ గోడకు ఆనించి పట్టుకుంటే చాలు, గురుడి పక్కన చుక్కలు కనబడతాయి. దీనికి అల్ ఖువా ఎడారి చీకటి కూడా అక్కర్లేదు, షార్జా దీపాల నడుమ నుంచైనా చూడొచ్చు. పెద్ద టెలిస్కోపులో చూడాలనుకుంటే దుబాయి ముష్రిఫ్ పార్కులోని అల్ తురయా కేంద్రంలో మీటరు వెడల్పు దర్పణమున్నది ఒకటి ఉంది.

అయితే ఒక్కసారి చూసి ఊరుకుంటే అవి చుక్కలుగానే మిగిలిపోతాయి. గురుడు సాయంత్రం ఆకాశంలో ఉన్న రోజుల్లో వరసగా ఐదు రాత్రులు, ఒకే వేళకు, గుండ్రటి సున్నా ఒకటి గీసి దానికి ఇటూ అటూ చుక్కలు పెట్టండి. పిల్లలుంటే పెన్సిల్ వాళ్ల చేతికివ్వండి. మూడో రాత్రికి వాళ్లే అడుగుతారు, నిన్న ఇటున్నది ఇవాళ అటు ఎలా వెళ్లిందని. గెలీలియో పట్టికలను తప్పుపట్టింది 8వ తేదీన, చుక్కలే కదులుతున్నాయని పోల్చుకుంది 10వ తేదీన. మీ ఇంట్లో ఎన్నో రాత్రికి తేలుతుందో చూడండి.

వచ్చే భాగంలో శని దగ్గరికి వెళదాం. అదే గెలీలియో 1610లో శనికి ఇరువైపులా రెండు చెవుల్లాంటివి చూసి తికమకపడ్డాడు. ఆ చిక్కుముడి విప్పిన క్రిస్టియాన్ హైగెన్స్, దానికి ముందే 1655లో శని అతిపెద్ద చందమామను ఎలా పట్టుకున్నాడో చెప్పుకుందాం.

(సశేషం)